నూరు వాట్ల గొంతు ఎంత దూరం

జహీరాబాద్ దాటి మాచునూరు దారి పట్టాక కంటికి మొదట తెలిసేది నేల. ఎర్రగా, గరుకుగా, ఎటు చూసినా పరుచుకునే ఉంటుంది. ఎక్కడో ఒక చింతచెట్టు, దాని నీడన నాలుగు మేకలు, ఇంకాస్త ముందుకెళ్తే చెరకు తోట. చూపుకు అడ్డం వచ్చే కొండ లేదు. నేను కృష్ణా జిల్లావాణ్ని. మా వైపు ఏ రోడ్డెక్కినా పావుగంటలోపు కాలువో కొండో పలకరిస్తుంది. ఇంత ఖాళీ ఆకాశం కింద కాసేపు ఏం చూడాలో కూడా తోచలేదు.

నాతో వచ్చిన మిత్రుడికి మాత్రం తోచింది. ఆయన ఆకాశవాణిలో ట్రాన్స్‌మిటర్ల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బండి దిగి నడుం మీద చేతులు వేసుకుని చుట్టూ చూసి, "రేడియో పెట్టుకోడానికి ఇంతకంటే మంచి నేల దొరకదోయ్" అన్నాడు. ఎఫ్ఎం తరంగం దాదాపు తిన్నగా పోతుంది. కొండ అడ్డొస్తే వెనక నీడ పడుతుంది. అడ్డు లేకపోతే భూమి వంపు తిరిగేదాకా పోతుంది. ముప్పై మీటర్ల స్తంభం మీద నుంచి ఆ వంపు ఇరవై కిలోమీటర్ల అవతల ఉంటుందని ఆయన లెక్క.

మా ప్రయాణానికి కారణం ఎ.కొండూరు. ఆ మండలంలో తండాల్లో పనిచేసే ఒక చిన్న సంస్థవాళ్లు కమ్యూనిటీ రేడియో పెట్టుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారు. స్థలం చూసి చెప్పమని ఆయన్ని పిలిచారు. ఆయనేమో, "పెట్టబోయే చోటు చూసేముందు పెట్టినవాళ్ల దగ్గరకు పోయి రావాలి" అన్నాడు. అందుకే తూర్పుకు పోవాల్సినవాళ్లం ముందు పడమటికి వచ్చాం.

మాచునూరులోని సంఘం రేడియోది ఒక పొడుగాటి కథ. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1998 నాటికే యునెస్కో సాయంతో రికార్డింగు నేర్చుకున్నారు. మాటలు ఉన్నాయి, పాటలు ఉన్నాయి, విత్తనాల ముచ్చట్లు ఉన్నాయి. గాల్లోకి వదలడానికి మాత్రం ప్రభుత్వ అనుమతి లేదు. పదేళ్లపాటు ఆ క్యాసెట్లు పట్టుకుని సంఘాల కూటాల్లో వినిపించుకున్నారు. 2006 నవంబరులో కేంద్రం విధానం మార్చి, మూడేళ్లకు తక్కువ కాకుండా పనిచేసిన రిజిస్టర్డ్ సంస్థలకు కూడా లైసెన్సు ఇవ్వొచ్చంది. 2008 అక్టోబరు 15న ఈ స్టేషను 90.4 మెగాహెర్ట్జ్ మీద గొంతు విప్పింది. ప్రారంభించినవారు జస్టిస్ పి.బి. సావంత్. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రాసిన న్యాయమూర్తి ఆయనే. అదే కేసులో వేరుగా తన తీర్పు రాసి ఆ మాటకు బలం చేకూర్చినవారు మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ, ఈ రేడియోను నడిపిన తీరు దేశదేశాల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. ఈ సంఘాలను కూడగట్టిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు.

ప్రసారం సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది. పొలం పని అయ్యి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆడవాళ్ల చెవులకు కాస్త తీరిక దొరికే వేళ. ఆ రాత్రి మేం ఒక ఇంటి అరుగు మీద కూర్చుని విన్నాం. మాకు వేడివేడి జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు పెట్టారు. మా వైపు గోంగూరంటే నూనె తేలాలి, వెల్లుల్లి పడాలి, పది రోజులు నిలవుండాలి. ఇక్కడి పుంటికూర ఆ పూటకే, రొట్టెకు పులుపు అందేంత మాత్రమే. రొట్టెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. వద్దంటే, "తిను బిడ్డా, దూరమెల్లి వచ్చిన్రు" అని ఇంకోటి. ఎవరూ మా ఊరేది, కులమేది, జీతమెంత అని అడగలేదు. మా జిల్లాలో మూడో ప్రశ్నకే ఆ సంగతి తేలిపోతుంది.

రేడియోలో ఒక ముసలామె కొర్రల గురించి చెబుతోంది. కన్నడం ఒరవడి, ఉర్దూ ముక్కలు కలిసిన తెలుగు. సగం నాకు రెండోసారి వింటేగాని అర్థం కాలేదు. మధ్యలో ఒక్కసారిగా గర్‌ర్‌ర్ మని శబ్దం లేచి ఆమె మాటలన్నీ మింగేసింది. ఇంటావిడ ఏమీ కంగారు పడలేదు. "బాయికాడ మోటరు ఏసిన్రు. జరసేపైతే పోతది" అంది. పోయింది కూడా. స్టార్టరు పట్టుకునేటప్పుడు ఎగిరే నిప్పురవ్వ కూడా ఒక చిన్న రేడియో స్టేషనే, ఏ మీట మీద, అంటే ఏ ఫ్రీక్వెన్సీ మీద, పడితే దాని మీద అరుస్తుంది అని మా ఇంజినీరు వివరించబోయాడు. ఆవిడకు ఆ వివరంతో పని లేదు. ఎవరి బావి మోటారు ఎన్నింటికి వేస్తారో ఆవిడకు తెలుసు. కరెంటు వచ్చే వేళలు మారితే రేడియో ఎప్పుడు గరగరలాడుతుందో కూడా చెప్పగలదు.

మర్నాడు ఆడవాళ్లతో మాట్లాడుతుంటే ఏ ఊళ్లో ఎలా వినబడుతుందో ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. ఒక ఊళ్లో చెరువు కట్ట మీద బాగా వస్తుంది, కట్ట కింద వాడలో రాదు. ఇంకో ఊళ్లో రేకుల ఇంట్లో రాదు, గడప బయట పెడితే వస్తుంది. ఇంకొకామె తన రేడియోకు రాగి తీగ చుట్టి వేపకొమ్మకు కట్టిందట. "గిట్ల కడితె మంచిగ ఇనొస్తది" అని చేయెత్తి చూపించింది. మా ఇంజినీరు జేబులోంచి టేపు తీసి ఆమె తీగ కొలిచాడు. 90.4 మీద తరంగం పొడవు మూడు మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, ఎనభై మూడు సెంటీమీటర్లు, ఏరియల్‌కు సరిగ్గా సరిపోయే కొలత. ఆమె తీగ దానికి బెత్తెడు ఎక్కువుంది. కత్తిరించమన్నాడు. "ఇప్పుడు ఇనొస్తంది గద సారు, ఎందుకు కోసుడు?" అంది. ఆయన నోరు మూసుకున్నాడు. ఉద్యోగంలో ఉండగా ఆయన్ని అలా ఆపినవాళ్లు ఎవరూ లేరనుకుంటాను.

అక్కడే నాకు ఒక సంగతి పట్టుబడింది. లైసెన్సు కాగితాల్లో స్టేషను వినబడే మేర ఒక గుండ్రటి గీత. నడిబొడ్డున స్తంభం, చుట్టూ ఐదు నుంచి పది కిలోమీటర్ల వృత్తం. నేల మీద అలాంటి వృత్తం ఎక్కడా లేదు. చెరువు కట్ట దగ్గర పొడుచుకొచ్చి, రేకుల ఇళ్ల దగ్గర తెగిపోయి, మోటారు వేసినప్పుడు కుంచించుకుపోయి, వేపకొమ్మ దగ్గర మళ్లీ సాగే ఒక చిరుగుల మేర ఉంది. పెద్ద స్టేషనుకు ఆ చిరుగులు ఎక్కడున్నాయో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలై, తర్వాతి కాలంలో లక్ష వాట్ల మీడియం వేవ్‌తో కోస్తాలో చాలా మేర కప్పేసింది. మా ఇంట్లో అన్నం వేళకు పొలం కబుర్లు అందులోనే వినేవాళ్లం. వినబడలేదని దానికి ఉత్తరం రాసినవాణ్ని మా ఊళ్లో నేను చూడలేదు. నూరు వాట్ల స్టేషనుకు అయితే వినబడనిది ఎవరికో పేరుతో సహా తెలుస్తుంది.

తెలుసుకుని ఏం చేస్తారు? వాట్లు పెంచలేరు. నిబంధన ప్రకారం వెలువడే శక్తి నూరు వాట్లు. నేల తీరు బాగా అడ్డమని నిరూపిస్తే 250 దాకా ఇవ్వొచ్చన్నారు. స్తంభం నేల నుంచి ముప్పై మీటర్లు మించకూడదు, పదిహేనుకు తగ్గకూడదు. 250 వాట్లంటే రెండున్నర రెట్ల దూరం పోతుందని నేననుకున్నాను. చదును నేల మీద కూడా అందులో సగం లాభమైనా రాదనీ, కొండ నీడలో పడిన ఊరికి కొన్నిసార్లు నూరు రెట్లు పెంచినా చాలదనీ మిత్రుడు తేల్చాడు. "వాట్లు కాదోయ్, ఎత్తు చూసుకోవాలి. ఎక్కడ నిలబడి పిలుస్తున్నావన్నదే లెక్క."

ఇంత చిన్న గొంతుకు కూడా ఒకప్పుడు జాగా లేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో మన రేడియో అని పెట్టుకున్నారు. ఊరు దాటితే వినబడని ట్రాన్స్‌మిటర్ అది. కొన్ని నెలలకే, 2003లో, అనుమతి లేదని అధికారులు వచ్చి మూయించారు. అంతకు ముందే, 2000 జూలైలో, ఈ జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ పేరు మీదే కమ్యూనిటీ రేడియో కావాలని ఒక ప్రకటన వెలువడింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని వినోద్ పావరాల, కంచన్ మాలిక్ ఈ పోరాటం మీద 2007లో ఒక పుస్తకమే తెచ్చారు. ఓర్వకల్లు రాళ్ల మధ్య ఆ చిన్న రేడియో ఎవరికి అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

హైదరాబాద్‌లో మేం ఎక్కువసేపు ఆగలేదు. గచ్చిబౌలి రాళ్ల మధ్య విశ్వవిద్యాలయం స్టేషను, బోల్ హైదరాబాద్, అదే 90.4 మీద ఉంది. దేశంలో కమ్యూనిటీ స్టేషన్లకు కేటాయించే మీటలు తక్కువ, అందుకే ఒకే అంకె ఎన్నో ఊళ్లలో వినబడుతుంది. క్యాంపస్ గేటు దాటాక బజార్లో కొన్న చవక రేడియో తీసి ముల్లు తిప్పాను. కాసేపటికి విద్యార్థుల మాటల మీద సినిమా పాట ఎక్కి కూర్చుంది. తప్పు ఎవరిదని అడిగాను. నా రేడియోదేనన్నాడు మిత్రుడు. పక్క మీటలో వేల వాట్ల స్టేషను ఉంటే చవక సెట్టు దాన్ని విడదీయలేదు. పైగా ఎఫ్ఎంకు ఒక గుణముంది. ఒకే మీట మీదకు రెండు గొంతులు వస్తే బలమైనదాన్ని పట్టుకుని బలహీనమైనదాన్ని ఆనవాలు లేకుండా చెరిపేస్తుంది. పెళ్లి పందిట్లో మైకు పెట్టాక ముత్తయిదువుల పాట ఏమవుతుందో అదే. వాళ్లు పాడుతూనే ఉంటారు, పక్కన కూర్చున్నవాళ్లకు తప్ప ఎవరికీ వినబడదు. మీడియం వేవ్‌లో అయితే కనీసం రెండూ కలిసి ఈల వేసేవి, అవతల ఎవరో ఉన్నారని తెలిసేది.

ఖమ్మం దాటాక దారి పచ్చబడింది. వైరా చెరువు కట్ట పక్కన ఆగి, అరిటాకులో వేయించిన చేపలు తిన్నాం. బండి నడిపే కుర్రాడు ఒక్క ముల్లు కూడా గుచ్చుకోకుండా తినే తీరు చూసి మిత్రుడు అసూయపడ్డాడు. తల్లాడ, కల్లూరు. మిరప కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి, గాలిలో ఘాటు. నేను ముల్లు తిప్పుతూనే ఉన్నాను. కొత్తగూడెం ఆకాశవాణి కాసేపు, తర్వాత ఎవరో భక్తి ప్రసంగం, తర్వాత ఖాళీ బుస్స్.

ఆ ఖాళీలో మిత్రుడు అమెరికా కథ చెప్పాడు. 2000లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నూరు వాట్లు, అంతకు తక్కువ శక్తి గల చిన్న స్టేషన్లకు అనుమతి ఇస్తామంది. పెద్ద స్టేషన్ల సంఘం గగ్గోలు పెట్టింది. చిన్నవాళ్లు వస్తే మా ప్రసారాలు గందరగోళమవుతాయని శబ్దాలు రికార్డు చేసిన డిస్కు ఒకటి కాంగ్రెస్ సభ్యులకు పంచింది. సభ్యులు భయపడి అదే ఏడాది చిన్నవాళ్ల సంఖ్యకు పగ్గం వేశారు. అప్పుడు మైటర్ అనే సంస్థ చేత పరీక్షలు చేయించారు. చెప్పుకోదగ్గ అడ్డంకి ఏమీ ఉండదని 2003లో తేలింది. అయినా చట్టం మారడానికి 2011 జనవరి దాకా పట్టింది. "అడ్డంకి గురించి మాట్లాడే హక్కు కూడా పెద్ద స్టేషనుకే ఉంది. చిన్నదానికి అడ్డొచ్చేది ఎవరూ కొలవరు" అన్నాడాయన. నలభై ఏళ్లు పెద్ద స్టేషనులో పనిచేసిన మనిషి నోట ఆ మాట రావడం నాకు నచ్చింది. అయితే ఆయన వెంటనే, "మా ఆకాశవాణిని అననులే" అని సవరించుకున్నాడు.

తెలంగాణ సరిహద్దు దాటగానే తిరువూరు. అక్కడి నుంచి విజయవాడ వైపు జాతీయ రహదారి మీద ఎ.కొండూరు. అదే రోడ్డు మీద మైలవరం అవతల జి.కొండూరు ఉంది. బస్సుల్లో కొత్తవాళ్లు ఈ ముందక్షరాల దగ్గర తికమకపడి ఒక కొండూరులో దిగాల్సింది ఇంకో కొండూరులో దిగడం మామూలేనట. మాఘమాసం. తోటలన్నీ మామిడి పూత. ఆ వాసనకు పక్కనే పురుగుమందు వాసన, ట్రాక్టరుకు తగిలించిన పంపు రొద. పూతను చూసి మురిసిపోబోతే తోట కాపరి అడ్డుపడ్డాడు. "పూతదేముందండీ, మంచు పడితే రాలిపోద్ది. పిందె కట్టాక మాట్లాడండి" అన్నాడు.

నేల ఇక్కడ సాఫీగా లేదు. చిన్న చిన్న కొండలు, వాటి మధ్య వాలులు, వాలుల్లో తండాలు. ఊళ్లో నిలబడి చూస్తే ఒక తండా కనబడుతుంది, దాని వెనక కొండ, ఆ కొండ వెనక ఇంకో తండా. మాచునూరులో చేతులు నడుం మీద వేసుకుని నవ్విన మనిషి ఇక్కడ తల గోక్కున్నాడు. "ఇక్కడ స్తంభం పెడితే ఆ కొండ వెనక ఒక్క ముక్క అందదు" అన్నాడు. సంస్థ కుర్రాడు ఆ కొండ వెనకే మాకు ముఖ్యమన్నాడు.

ఎందుకు ముఖ్యమో ఈ జిల్లాలో పత్రికలు చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎ.కొండూరు తండాలంటే ఏళ్లుగా మూత్రపిండాల జబ్బు. ఇదే జబ్బుకు పేరుపడ్డ ఉద్దానంలో విన్న మాటలే ఇక్కడా వింటాం. క్రియాటినిన్, డయాలసిస్, ట్యాంకరు నీళ్లు. బడికి పోని ముసలావిడ కూడా క్రియాటినిన్ అనే మాట తడబడకుండా పలికింది. జబ్బుకు నీళ్లే కారణమా, ఇంకేమైనా ఉందా అన్నదాని మీద పెద్దవాళ్ల వాదనలు సాగుతుండగానే ఇంట్లో మనిషి వారానికి రెండుసార్లు ఆస్పత్రికి పోవాలి. ట్యాంకరు ఏ రోజు వస్తుంది, డాక్టరు ఏ రోజు ఉంటాడు, నొప్పి మాత్రలు ఎందుకు మింగకూడదు. ఇవన్నీ చెప్పేవాళ్లు కావాలి. అదీ లంబాడీ మాటలో కావాలి. తెలుగులో చెబితే మగవాళ్లు తలూపుతారు, ఇంట్లో ఆడవాళ్లకు చేరేది సగమే.

తండాలో మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, మొదట నీళ్లు తెచ్చారు. గ్లాసు అందిస్తూనే, "ఇవి క్యాన్ నీళ్లే సారూ, భయం లేదు" అంది ఆ ఇంటి కోడలు. ఇంటికొచ్చినవాడికి నీళ్లిస్తూ ఆ భరోసా కూడా ఇవ్వాల్సి రావడం నన్ను కొంతసేపు మాట్లాడనివ్వలేదు. మిత్రుడు మాత్రం గటగటా తాగి ఇంకో గ్లాసు అడిగాడు. ఆవిడ ముఖం విప్పారింది. కొన్ని మర్యాదలు ఇంజినీర్లకు సహజంగానే వస్తాయి కాబోలు.

రేడియో ఎవరింట్లో ఉందని అడిగాం. పెద్దాయన ఒకరు పెట్టెలోంచి తీశాడు, సెల్లులు కారిపోయి ఉన్నాయి. మిగతావాళ్లు సెల్‌ఫోన్లు చూపించారు. పాత బటన్ ఫోన్లలో ఎఫ్ఎం ఉంది, ఇయర్‌ఫోన్ తీగ దూర్చితేనే పలుకుతుంది. ఆ తీగే దానికి ఏరియల్. తీగ తెగిపోయిన ఇళ్లే ఎక్కువ. కొత్త స్మార్ట్‌ఫోన్లలో కొన్నింటికి ఎఫ్ఎం ఊసే లేదు. ఫోన్లలో ఎఫ్ఎం ఆపొద్దని 2023లో కేంద్రం తయారీదార్ల సంఘాలకు సలహా పంపింది. అది సలహాగానే ఉంది. కొత్త సెల్లులు వేశాక, చవగ్గా కొన్న ఎల్ఈడీ బల్బు వేయగానే పెద్దాయన రేడియోలో జుయ్యిమని మొదలైంది. ఆర్పితే ఆగింది. పిల్లలకు అది ఆటైపోయింది. స్విచ్చి వేయడం, తీయడం. బల్బు లోపల కరెంటును ముక్కలు చేసే చిన్న సర్క్యూటు ఉంటుంది, దానికి వడపోత పెట్టకుండా అమ్మేస్తారు, ఆ రొద బయటికి కారుతుంది అని ఆయన చెబుతుంటే పెద్దాయన, "అయితే రేడియో వినాలంటే చీకట్లో కూర్చోవాలన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ రాత్రి ఊళ్లోనే పడుకున్నాం. తెల్లవారుజామున లేచి చూస్తే మంచు తోటల మీద దట్టంగా దిగి ఉంది. రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకుని నెమ్మదిగా పోతున్నాయి. రేడియో తీశాను. నిన్నంతా బుస్సుమన్న చోట ఎక్కడివో పాటలు, ఒక తమిళ గొంతు. చలికాలం రాత్రి నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి కప్పు వేస్తే ఎఫ్ఎం తరంగం ఆ రెంటి మధ్య చిక్కుకుని వందల కిలోమీటర్లు పాకుతుందట. ఎండ ఎక్కగానే ఆ దారి మూసుకుపోతుంది. సంబరపడుతున్న నన్ను చూసి ఆయన పెదవి విరిచాడు. దూరపు పెద్ద స్టేషను ఇలా పాకివచ్చి ఇక్కడి చిన్న స్టేషను మీట మీద కూర్చుంటే, డాక్టరు వచ్చే రోజు చెప్పే మాట పోయి తమిళ పాట వినిపిస్తుంది. అందుకని ముఖ్యమైన సంగతి తెల్లవారుజామున మాత్రమే చెప్పి ఊరుకోకూడదు, ఎండెక్కాక మళ్లీ చెప్పాలి అని పుస్తకంలో రాసుకున్నాడు.

పొద్దెక్కాక పునుగులు, అల్లం పచ్చడి. హోటలు పిల్లాడు అడక్కుండానే రెండోసారి పచ్చడి వేసి, "ఏంటండీ, టవరు పెడతారంట? జియోదా?" అని అడిగాడు. కాదంటే నిరాశపడ్డాడు. మాచునూరు జొన్నరొట్టెకూ ఈ పునుగులకూ ఎంత దూరమో, అక్కడి నిదానానికీ ఇక్కడి ఆరాకూ అంత దూరం. టిఫిను అయ్యేలోపు మేం ఎవరం, ఎందుకొచ్చాం, ఎవరి బంధువులం అన్నది హోటల్లో అందరికీ తెలిసిపోయింది. చెప్పొద్దూ, నాకు ఇంటికొచ్చినట్టే అనిపించింది. వాట్లు లేని ప్రసారం అంటే అదే.

ఆ పూటంతా రేడియో పట్టుకుని కొండల చుట్టూ తిరిగాం. నిబంధనలో ఎత్తు కొలిచేది స్తంభం నిలబడిన నేల నుంచి. కొండ నెత్తిన పెడితే కొండ ఎత్తు ఊరికే కలిసివస్తుంది. నిన్న అడ్డమన్న కొండే ఈ రోజు పీటగా కనబడింది ఆయనకు. అయితే కొండ మీదకు కరెంటు తీగ లాగాలి, అటవీశాఖను అడగాలి, పిడుగులకు రాగి పట్టీ దింపాలి, కేబుల్‌ను కోతులు కొరక్కుండా చూడాలి. కిందనే పెట్టి రెండు తండాలు వదులుకోవడం చవక. ఏరియల్‌ను నిలువుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా అన్నదానికి మాత్రం ఆయన దగ్గర జంకు లేదు. ఫోన్ తీగ చెవి నుంచి జేబులోకి నిలువుగా వేలాడుతుంది కాబట్టి మనదీ నిలువుగానే ఉండాలి. స్టీరియో అక్కర్లేదు. మోనోలో అదే నూరు వాట్లు ఇంకా చాలా దూరం స్పష్టంగా పోతాయి, మాటలకు రెండు స్పీకర్లు ఎందుకు?

చివరి తండాలో అందరూ చెట్టు కింద చేరారు. సంస్థ కుర్రాడు కాగితం మీద కొండలు గీశాడు. స్తంభం ఎక్కడ పెట్టాలన్నదాని మీద వాదన మొదలైంది. మండలాఫీసు దగ్గరైతే కరెంటు పోదని ఒకడు. రోడ్డు పక్కనైతే నలుగురికీ తెలుస్తుందని ఇంకొకడు. బడి ఆవరణలో పెడదామని మూడోవాడు. మా ఇంజినీరు ఓపికగా ఒక్కోచోటు నుంచీ గీతలు లాగి, ఏ తండా నీడలో పడుతుందో మచ్చలు పెట్టుకుంటూ పోయాడు. రోడ్డు పక్కదానికి ఆ తండా మీదే పెద్ద నల్లమచ్చ పడింది. అంతదాకా చేటలో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఒక నడివయసు ఆవిడ తలెత్తి కాగితం తన వైపు తిప్పుకుంది. ఆ మచ్చ ఏమిటని అడిగింది. కుర్రాడు నసుగుతూ చెప్పాడు.

"స్తంభం మీ ఇష్టం వచ్చిన కాడ పెట్టుకోండి సారూ" అంది ఆవిడ. "నీళ్ల ముచ్చట, ఆస్పత్రి ముచ్చట మా నోటి నుంచే కావాలన్నారు గదా. మాకు వినపడని రేడియోకు మేం మాట్లాడం."

కుర్రాడు కాగితం వెనక్కి తిప్పి కొండలు మళ్లీ గీయడం మొదలుపెట్టాడు.